ఎకో మాట నమ్మకు

అమ్మలూ,

డేటాబేస్ పాస్‌వర్డ్‌ని టెర్మినల్లో వేరియబుల్‌గా పెట్టానని, ఇచ్చినదాన్ని తెరమీద చూపే ఎకో కమాండ్ కొడితే కనబడిందని, పైథాన్ ప్రోగ్రామ్ మాత్రం ఆ పేరే దొరకలేదని కీఎర్రర్ ఇస్తోందని రాశావు. పాపం పైథాన్‌ తప్పేం లేదు. నిన్ను బోల్తా కొట్టించింది ఎకో.

డాలర్ గుర్తు పెట్టి ఇచ్చిన పేరు అసలు ఎకో దాకా వెళ్లదు. ముందే బాష్, అంటే టెర్మినల్లో నీ కమాండ్లు తీసుకుని నడిపే షెల్, ఆ పేరు తీసేసి విలువ పెట్టేస్తుంది. కాబట్టి తెరమీద కనబడిందంటే, ఆ వేరియబుల్ బాష్‌కి తెలుసని మాత్రమే. ప్రోగ్రామ్‌కి అందుతుందో లేదో తేలాలంటే ప్రింట్‌ఎన్వ్‌ని అడుగు, డాలర్ లేకుండా ఉత్త పేరు ఇచ్చి. అది బాష్ విడిగా మొదలుపెట్టే ప్రోగ్రామ్, నీ పైథాన్‌లాగే. దానికి అందనిది నీ పైథాన్‌కీ అందదు.

పేరు, సమానం గుర్తు, విలువ అని ఊరికే రాస్తే ఆ వేరియబుల్ షెల్ సొంతం. ముందు ఎక్స్‌పోర్ట్ అని పెడితేనే ఎన్విరాన్‌మెంట్‌లోకి, అంటే షెల్ తను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లకి అందించే పేర్లూ విలువల జాబితాలోకి, చేరుతుంది. ప్రోగ్రామ్‌ని నడపడానికి వాడే ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పిలుపుకి) మూడు ఇవ్వాలి: ప్రోగ్రామ్ ఉన్న చోటు, ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ జాబితా. సీ భాషలో గెట్‌ఎన్వ్ అయినా, పైథాన్‌లో ఓఎస్ డాట్ ఎన్విరాన్ అయినా చూసేది ఆ మూడోదాన్నే. 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో మొదలైన పద్ధతి, నువ్వు పుట్టకముందు నుంచీ ఇంతే.

ప్రోగ్రామ్ చేతికొచ్చేది జెరాక్స్ కాపీ. దానిమీద ఏం దిద్దుకున్నా షెల్ దగ్గరి అసలు మారదు. ఎక్స్‌పోర్ట్‌లన్నీ ఒక స్క్రిప్ట్‌లో రాసి మామూలుగా నడిపితే, అది ముగియగానే అన్నీ పోతాయి. ముందు సోర్స్ అని పెట్టి నడిపితేనే నీ షెల్‌లో నిలుస్తాయి. ఇప్పటికే నడుస్తున్న సర్వర్‌కి నువ్వు తర్వాత చేసిన ఎక్స్‌పోర్ట్ సంగతి తెలియదు, ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఒక్కసారికే కావాలంటే, అదే లైన్లో కమాండ్‌కి ముందు పేరు, విలువ రాసేయ్, ఎక్స్‌పోర్ట్ అక్కర్లేదు. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలావో, బాష్ ఆ పేరుని కమాండ్ అనుకుని వెతుకుతుంది. విలువలన్నీ స్ట్రింగులే అని కూడా గుర్తుంచుకో. డీబగ్ అనే వేరియబుల్‌కి 0 ఇచ్చినా పైథాన్ ఇఫ్‌కి అది నిజమే, ఖాళీ స్ట్రింగ్ కాదు కదా. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టేవి, బాష్ మొదలయ్యేటప్పుడు చదివే నీ బాష్‌ఆర్‌సీ ఫైలుని చదవవు, కావలసినవి క్రాన్‌టాబ్ అనే దాని జాబితా ఫైల్లో రాయాలి.

ఇక ఆ పాస్‌వర్డ్. ఎక్స్‌పోర్ట్ చేశాక ఆ టెర్మినల్ నుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రామ్‌కీ అది అందుతుంది, అవసరం ఉన్నా లేకున్నా. లైనక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కీ ప్రాక్ అనే డైరెక్టరీ కింద ఎన్విరాన్ అనే ఫైలుంటుంది, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) దాన్ని తీరిగ్గా చదువుకోవచ్చు. అసలైన సర్వర్ పాస్‌వర్డ్ అయితే విడిగా ఒక ఫైల్లో పెట్టి దానికి 600 పర్మిషన్ (చదవడం, రాయడం సొంతదారుకే) ఇవ్వు, ప్రోగ్రామ్ అక్కడి నుంచే చదువుకుంటుంది. నువ్వు టైప్ చేసిన లైను బాష్ దాచే పాత కమాండ్ల జాబితా, అంటే హిస్టరీలో కూడా ఉండే ఉంటుంది. ఇవాళే తీసేయ్.

మామయ్య