నాయనమ్మ కాణీలను తోమకు నాయనా

చిరంజీవికి ఆశీస్సులు.

చెన్నైలో సముద్రం పక్కనున్న తిరువాన్మియూర్ ఇంటికి మారాక నాయనమ్మ డబ్బాలోని రాగి కాణీలు బాగా నల్లబడ్డాయనీ, ఆదివారం చింతపండు పెట్టి తోమేస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చేయకు.

రాగికి గాలి తగిలితే ముందు ఎర్రటి గోధుమరంగు ఆక్సైడ్ పొర కడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని గంధకం కూడా చేరి అది నలుపు తిరుగుతుంది. గట్టిగా అంటుకున్న ఆ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. చింతపులుపు దాన్ని కరిగించేస్తుంది, గట్టిగా రుద్దితే సన్నటి అక్షరాలు కూడా అరుగుతాయి. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ గులాబీరంగులో మెరుస్తుంటే, సేకరించేవాళ్లు తోమిన నాణెమని చూడగానే పసిగడతారు. దాని విలువ పడిపోతుంది.

చిల్లు కాణీలు మాత్రం కంచువి. 1906 నుంచి రాగికి బదులు కంచు వాడారు. అందుకే అన్నీ ఒకేలా రంగు మారవు.

నాకు టెన్షన్ అంతా నాణేల మీద పట్టే లేతపచ్చ పొడి గురించే. నున్నగా, గట్టిగా ఉన్న ముదురుపచ్చ చిలుంతో ప్రమాదం లేదు, దాన్ని గీకకు. పొడి రాలుతూ కింద గుంట కనిపిస్తే మాత్రం అది జబ్బే. సముద్రపు గాలిలోని, చేతి చెమటలోని ఉప్పు రాగితో కలిసి క్లోరైడ్ అవుతుంది. దానికి తేమ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తిని ఇంకొంచెం క్లోరైడ్ చేస్తుంది. తేమ ఉన్నంతకాలం ఇది ఆగదు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో కంచు విగ్రహాలకూ ఇదే పట్టుకుంటే, 1930లో అక్కడ రసాయన ప్రయోగశాల పెట్టాల్సి వచ్చింది.

అలాంటి కాణీలుంటే ముందు విడిగా తీసిపెట్టు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్నాళ్లు ఉంచితే ఉప్పు కొంత దిగుతుంది. తర్వాత తడి లేకుండా బాగా ఆరాలి. అప్పటికీ పొడి వస్తుంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా తెలిసినవాళ్లకు చూపించు.

మెత్తగా వంగే పీవీసీ కవర్లు వాడకు, వాటి నుంచి వచ్చే ఆమ్లం కూడా రాగిని పచ్చబరుస్తుంది. మైలార్ అనే పాలియెస్టర్ కవర్లు కొను. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది, అదీ వద్దు. నాణేన్ని అంచు పట్టుకునే తీయి. గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, బాత్రూమ్ గోడకు ఆనని బీరువాలో పెట్టు. వానాకాలం ముందు ఆ పొట్లాలు మార్చు.

మీ పెదనాన్న