సంతకం పెట్టకముందు

చిన్నికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. క్లినిక్‌ల అపాయింట్‌మెంట్ యాప్ మీది, మందుల డెలివరీ వాళ్లది, రెండు కంపెనీలూ కలిసి పనిచేస్తాయి. వాళ్లు నలభై పేజీల అగ్రిమెంటు పంపారు, సోమవారం సంతకాలు. "అందరూ ఇదే ఫార్మాట్ వాడతారట మావయ్యా" అన్నావు. ముప్పై ఏళ్లు బెంగళూరు కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లలో కాగితాలు చదివి బతికినవాణ్ణి. ఆ మాట ఎవరన్నా నాకు అనుమానమే. ఫార్మాట్ రాసినవాడు ఎవరి జీతగాడో ముందు కనుక్కో.

వాళ్ల కాగితం కంటే ముందు మీ ఇంటి సంగతి చూసుకో. మీ యాప్ కోడ్ మీదేనా? నవ్వకు. మొదటి వెర్షన్ ఒక ఫ్రీలాన్సర్ రాశాడన్నావు కదా. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే అంటుంది 1957 కాపీరైట్ చట్టం. బయటివాడు రాస్తే డబ్బులిచ్చినంత మాత్రాన హక్కు మనకు రాదు. అతను రాసిచ్చి సంతకం పెట్టాలి. ఆ రాసిచ్చినదాంట్లోనూ ఎంతకాలానికో చెప్పకపోతే ఐదేళ్లకే అని లెక్క, ఏ దేశాలకో చెప్పకపోతే ఇండియా వరకే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒక కంపెనీని కొనడానికి పెద్ద పార్టీ వచ్చింది. వాళ్ల లాయర్లు ఫైళ్లన్నీ తిరగేస్తూ బిల్లింగ్ మాడ్యూల్ దగ్గర ఆగిపోయారు. "ఇది రాసినతను హక్కులు రాసిచ్చిన అసైన్‌మెంట్ కాగితం ఏది?" ఏదీ, ఉంటే కదా! ఉన్నవల్లా ఒక ఇన్‌వాయిస్, 'థాంక్యూ సర్' అని ఒక మెయిల్. ఆ అబ్బాయి అప్పటికి తిరుపతిలో ఉంటున్నాడు. స్టాంపు పేపర్ మీద ప్రింటు తీసుకుని రాత్రి బస్సెక్కి, పొద్దున్నే వాళ్లింటి ముందు దిగాను. ప్రతి లైనూ వేలు పెట్టి చదివాడు. నా కాఫీ చల్లారిపోయింది. చివరికి ఒక అంకె చెప్పాడు. ఆ పని చేయించుకున్నప్పుడు ఇచ్చినదానికి ఆరు రెట్లు. వంటింట్లోంచి వాళ్లమ్మగారు "అంత దూరం నుంచి వచ్చారు, కాస్త తగ్గించరా" అన్నారు కాబట్టి నాలుగు రెట్లతో బయటపడ్డాం. అతనిది తప్పనను. మొదటి రోజే రెండు పేజీలు రాయించుకోని తప్పు మాది, ఆ మాలో నేనూ ఉన్నాను. నువ్వు మీ ఫ్రీలాన్సర్‌కి ఈ వారమే ఫోన్ చెయ్. మీ పార్ట్‌నర్‌షిప్ సంగతి బయటికి పొక్కాక చేస్తే రేటు మారుతుంది.

ఇక వాళ్ల అగ్రిమెంటు. ఇద్దరూ కలిసి చేసినదానికి 'జాయింట్ ఓనర్‌షిప్' అని ఉందన్నావు. వినడానికి కమ్మగా ఉంటుంది. రేపు దాన్ని మూడోవాడికి లైసెన్స్ ఇవ్వాలంటే రెండోవాళ్ల ఒప్పుకోలు కోసం వెనకాల తిరగాలి. మీరు తెచ్చింది మీది, వాళ్లు తెచ్చింది వాళ్లది, కొత్తగా తయారైనదాన్ని మాడ్యూల్ వారీగా పంచుకోండి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు గట్లు ఇప్పుడే వేసుకోవాలి.

అసలు చిక్కు పేషెంట్ల వివరాల దగ్గర ఉంది. నా మోకాలి నొప్పికి జయనగర్ డాక్టర్ అపాయింట్‌మెంట్ మీ యాప్‌లోనే తీసుకున్నాను. పుట్టినతేదీ అడిగింది, సరే. పెళ్లయిందా అని ఎందుకు అడిగింది? ఫోన్లో కాంటాక్టులు ఎందుకు కావాలంది? మీ కంపెనీలో నీ పార్ట్‌నర్‌ని అడిగితే "ఉంటే ఎప్పటికైనా పనికొస్తాయి" అన్నాడు. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఏ పనికి ఒప్పుకోలు తీసుకున్నామో ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి. అపాయింట్‌మెంట్ కోసం ఇచ్చిన నంబరును మందుల ఆఫర్లకు ఆ డెలివరీ కంపెనీ చేతికిస్తే, ఆ ఒప్పుకోలు దానికి చెల్లదు. సరైన భద్రత పెట్టక డేటా లీకైతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. మీకు అంత వెయ్యరులే, కానీ అందులో వందో వంతు వేసినా దుకాణం కట్టెయ్యాల్సిందే.

ఒప్పుకోలు అడిగే నోటీసు ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏదైనా ఒకదాంట్లోనో చదువుకునే వీలు మనిషికి ఉండాలి. మీ యాప్‌లో ఇంగ్లిష్ తప్ప లేదు. వైట్‌ఫీల్డ్ సైట్ల మీద పనిచేసే మన పాలమూరు మేస్త్రీలు కూడా క్లినిక్‌కి వెళ్తారమ్మా.

డేటా లీకైతే ఒకరికొకరు 'వీలైనంత త్వరగా' చెప్పుకోవాలని రాశారట. కొట్టెయ్. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచీ ఉంది. డేటా రక్షణ కొత్త రూల్స్ ప్రకారం డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలియజేసి, 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి, పేషెంట్లకూ చెప్పాలి. అక్కడ గంటల్లో అంకె రాయించు, అర్ధరాత్రి ఫోనెత్తే మనిషి నంబరు కూడా రాయించు.

పోటీ చట్టం పెద్దవాళ్లకే అనుకుంటున్నావు. పెద్దవాళ్ల సంగతి తెలిసిందే, వాట్సాప్ 2021 ప్రైవసీ పాలసీ గురించి ఆ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని మెటాకు 2024 నవంబర్‌లో 213 కోట్ల జరిమానా వేసింది. డేటా గొడవ పోటీ గొడవగా మారడం అంటే అదే. నీ భయం వేరే చోట ఉండాలి. మీ లాంటి యాప్‌ల వాళ్లంతా ఒక గ్రూపు పెట్టుకుని, క్లినిక్‌ల దగ్గర ఇంతకు తగ్గొద్దని అనుకుంటున్నారన్నావు. ఈ రాత్రికే బయటికి రా, వచ్చేముందు "నాకు ఇది ఇష్టం లేదు" అని ఒక మెసేజ్ పెట్టి మరీ రా. కాగితం మీద లేని అవగాహన కూడా ఆ చట్టానికి ఒప్పందమే. అందరూ కలిసి రేటు కట్టుకోవడానికి చిన్నా పెద్దా తేడా లేదు.

ఉద్యోగం మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదని మీ ఆఫర్ లెటర్లలో ఉన్న లైను తీసెయ్. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలబడదు. పిల్లల్ని బెదిరించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ట్రైనింగ్ ఖర్చు పెట్టి, ఇన్నాళ్లు పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అంటే వేరే సంగతి. ఒక బ్యాంకు కేసులో మూడేళ్లు, రెండు లక్షల బాండును సుప్రీంకోర్టు 2025 మేలో ఒప్పుకుంది.

ఇంకొకటి, ఇది నువ్వు అడగలేదు. వాళ్ల టీమూ మీ టీమూ ఒకే చాట్ గ్రూపులో పనిచేస్తాయి. మీరు ఇప్పుడు పదకొండుమంది. పదిమంది ఉంటే చాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, బయటి సభ్యులు ఒకరితో సహా. వేధించినవాడు వేరే ఆఫీసువాడైనా అమ్మాయి తన ఆఫీసు కమిటీకే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 డిసెంబర్‌లో చెప్పింది. విచారణకు అవతలి కంపెనీ సహకరించాలని ఒక్క లైను అగ్రిమెంటులో పెట్టించు. మీ దగ్గర చేరిన ఆ చిత్తూరు అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలో అసలు తెలుసా, అడుగు.

సంతకాలు గురువారానికి జరపమను. మూడు రోజులు ఆగలేనివాళ్లతో మూడేళ్లు ఎలా చేస్తావు? ఆదివారం టిఫిన్‌కి రా, అత్త పెసరట్లు వేస్తానంది. ఆ నలభై పేజీలూ ఒకవైపే ప్రింటు తీసి తీసుకురా. ఫోన్లో చూపిస్తే నాకు కనపడదు. ఎర్ర పెన్నులు నా దగ్గరున్నాయి.

మావయ్య