క్లెయిమ్ కొట్టేసిన కంపెనీయే డబ్బు కట్టాల్సినది అయితే, కోర్టు పట్టించుకోదా?

పట్టించుకుంటుంది, కానీ ఆ ఒక్క పాయింటుతో కేసు గెలవరు. అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చే డిసెబిలిటీ ప్లాన్ (జబ్బుతో పని చేయలేకపోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్) సంగతి ఇది. అందులో ఇన్సూరెన్స్ కంపెనీకి విచక్షణాధికారం, అంటే క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అని తానే తేల్చే అధికారం, ఇచ్చే క్లాజు ఉండి ఉంటుంది. ఉంటే, జడ్జి మీ జబ్బు సంగతి కొత్తగా తేల్చరు. కంపెనీ నిర్ణయం సమంజసమా కాదా అన్నంతవరకే చూస్తారు. క్లెయిమ్ తేల్చేదీ, డబ్బు కట్టేదీ ఒకరే కావడం తూకంలో వేసే అంశాల్లో ఒకటని 2008లో మెట్‌లైఫ్ (ఇన్సూరెన్స్ కంపెనీ) వర్సెస్ గ్లెన్ (క్లెయిమ్ వేసిన ఉద్యోగి) కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

1. పూర్తి ప్లాన్ డాక్యుమెంటు రాతపూర్వకంగా అడగండి, సమ్మరీ చాలదు. 30 రోజుల్లో ఇవ్వకపోతే ప్లాన్ నడిపే అడ్మినిస్ట్రేటర్‌కి రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఇన్సూరెన్స్ పాలసీ కాలిఫోర్నియాదైతే ఆ విచక్షణాధికారం క్లాజు సాధారణంగా చెల్లదు, మీ పని సగం తేలికే.

2. క్లెయిమ్ ఫైలు మొత్తం అడగండి. ఉచితంగా ఇవ్వాలి.

3. అందరూ తప్పేది ఇక్కడే. కోర్టులో చూపిద్దాంలే అని కాగితాలు దాచుకుంటారు. కోర్టు మామూలుగా ఆ ఫైలు దాటి చూడదు. తిరస్కరణ లేఖ అందాక 180 రోజుల్లో వేసే అప్పీల్లోనే అన్నీ పెట్టేయాలి:
– సోషల్ సెక్యూరిటీ (పని చేయలేనివారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం) మంజూరు లేఖ. గ్లెన్‌ని దానికి అప్లై చేయమన్నది కంపెనీయే, తీరా వచ్చాక దాన్ని పక్కన పెట్టేసింది. కోర్టుకి అదే గట్టిగా తగిలింది.
– డాక్టర్ లేఖ. "పని చేయలేరు" అంటే చాలదు. ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, ఎంత బరువు ఎత్తగలరు అని రాయించండి.
– కంపెనీ డాక్టర్‌కి ఏయే రిపోర్టులు పంపలేదో ఫైలుతో పోల్చి, ఒక పట్టిక.