దూర ప్రయాణాలకు మోటారు సైకిల్ సీటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే బాధ కనిపించింది. బండి బాగుంది, ఇంజిను బాగుంది, కానీ గంట దాటితే సీటు మీద కూర్చోలేకపోతున్నామని పాఠకులు రాస్తున్నారు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా సీట్లకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర 2019 నాటి హిమాలయన్ 411 బండి ఉంది. ప్రతి వారం మిర్యాలగూడ నుంచి హైదరాబాదు వెళ్లి వస్తాను. నార్కట్‌పల్లి చేరేసరికే పిర్రల్లో నొప్పి మొదలవుతుంది. చౌటుప్పల్ దాటాక తొడలు మొద్దుబారిపోతాయి. మా ఊళ్లో సీట్లు కుట్టే ఆయన రెండు అంగుళాల మెత్తటి స్పాంజి అదనంగా వేసి, కొత్త రెక్జిన్ తొడుగుతానంటున్నారు. వేయించుకోమంటారా, లేక కంపెనీ అమ్మే టూరింగ్ సీటు కొనుక్కోమంటారా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మెత్తటి స్పాంజి మాత్రం వేయించుకోకండి. మనం కూర్చున్నప్పుడు పైశరీరం బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల అడుగున ఉండే రెండు గుండ్రటి కొసల మీద పడుతుంది. స్పాంజి మరీ మెత్తగా ఉంటే ఆ కొసలు అందులోకి దిగబడి, కొంతసేపటికి అడుగునున్న ప్లాస్టిక్ పలక గట్టితనం నేరుగా ఎముకకే తగులుతుంది. అదే సమయంలో పక్కల నుంచి పైకి ఉబికిన స్పాంజి తొడల లోపలి భాగాన్ని ఒత్తి రక్తప్రసారాన్ని మందగింపజేస్తుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ, అంటే మొదట నొప్పి, తరువాత మొద్దుబారడం, ఈ క్రమంలోనే వస్తాయి. నులక బిగువుగా అల్లిన మంచం ఒళ్లంతటినీ సమంగా మోస్తుంది. కుక్కిమంచం ఎక్కగానే హాయిగా అనిపించినా తెల్లవారేసరికి నడుము పట్టేస్తుంది. సీటు సంగతీ అంతే. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి మెత్తగా ఉందని మురిసిపోయి కొన్న సీటే రెండో గంటలో ఎక్కువగా బాధపెడుతుంది.

స్పాంజి గురించి మాట్లాడేటప్పుడు సాంద్రతను, గట్టితనాన్ని వేరుగా చూడాలి. సాంద్రత అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందనే లెక్క. అది ఫోమ్ ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎంత త్వరగా అణగారిపోతుందో చెబుతుంది. గట్టితనం అంటే అది బరువుకు ఎంత లొంగుతుందన్నది. ఇళ్లలోని చవక కుర్చీ మెత్తల్లో 20, 25 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్ వాడతారు. దానినే సీటు మీద వేస్తే కొన్ని నెలల్లోనే మీరు కూర్చునే చోట గుంట పడుతుంది. కనీసం 40 కిలోలకు పైబడిన సాంద్రత, మీ బరువుకు తగిన గట్టితనం ఉన్న పాలీయురేథేన్ ఫోమ్ అడగండి. 60 కిలోల మనిషికి సరిపోయే గట్టితనం 90 కిలోల మనిషికి సరిపోదు కాబట్టి, స్నేహితుడి బండి మీద బాగుందని అదే సీటు కొనుక్కోవడం కూడా సరికాదు.

మందం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. మీ బండి సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. దాని మీద రెండు అంగుళాలు పెంచితే అది 850కి చేరుతుంది, మీరు కూర్చున్నాక కొంత అణిగినా సరే. అప్పుడు హ్యాండిల్ మీకు కిందికి, దూరానికి జరిగినట్టవుతుంది. ముందుకు వంగాల్సి వచ్చి భారం మణికట్ల మీద, మెడ మీద పడుతుంది. పిర్రల నొప్పి తగ్గించుకోబోయి భుజాల నొప్పి తెచ్చుకున్నట్టవుతుంది.

నిజానికి మందం కంటే ఆకారానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. సీటు ముందుకు వాలుగా ఉంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ మనిషి ట్యాంకు వైపు జారి, వెడల్పైన వెనుక భాగాన్ని వదిలి సన్నటి ముందు భాగం మీదకు చేరతాడు. అక్కడ ఎముకలకు ఆధారం ఉండదు. బరువంతా మెత్తటి కండ మీద, నరాల మీద పడి తిమ్మిరి ఎక్కుతుంది. ఇలాంటి సీటుకు అంతటా స్పాంజి పెంచే బదులు, ముందు భాగం కింద మాత్రం పలుచటి ఏటవాలు స్పాంజి ముక్క పెట్టించి వాలును సరిచేయిస్తే చాలాసార్లు సగం బాధ అక్కడే తీరుతుంది.

మీకు ఎంత వెడల్పు కావాలో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గట్టి అరుగు మీద ఒక అట్టపెట్టె ముక్క పరిచి, పాదాలు కొంచెం ఎత్తుపీట మీద పెట్టి, కొద్దిసేపు నిటారుగా కూర్చుని లేవండి. అట్ట మీద రెండు నొక్కులు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల వరకు ఉంటుంది, స్త్రీలలో సగటున కాస్త ఎక్కువ. ఆ రెండు బిందువులూ, వాటి చుట్టూ ఉండే కండా సీటులోని చదునైన భాగం మీదే నిలవాలి. గుండ్రంగా కిందికి దిగే అంచుల మీద పడకూడదు. సీటు కుట్టే ఆయనకు ఆ అట్టముక్కనే తీసుకెళ్లి చూపించండి, మాటలతో చెప్పడం కంటే అది మేలు.

డబ్బు ఖర్చు పెట్టేముందు మరి రెండు సంగతులు చూసుకోండి. వెనుక జేబులో పర్సు పెట్టుకుని కూర్చుంటే నడుము ఒకవైపుకు వాలి, ఏ సీటు మీదైనా నొప్పి వస్తుంది. అలాగే మీ బండి వెనుక షాక్ అబ్జార్బర్‌లో స్ప్రింగు బిగింపును మార్చుకునే వీలుంది. ఎవరో ఇద్దరి బరువుకు బిగించి వదిలేసి ఉంటే, ఒంటరిగా వెళ్లే మీకు రోడ్డు మీది ప్రతి అతుకూ వెన్నెముక దాకా తగులుతుంది. దానిని సడలించి, టైర్లలో గాలి సరిచూసుకుని ఒకసారి హైదరాబాదు వెళ్లి రండి.

అప్పటికీ నొప్పి ఉంటే కంపెనీ టూరింగ్ సీటును ముందుగా ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. దాని అడుగు పలక, తాళం పట్టే కొక్కెం, కింది రబ్బరు బుడిపెలు మీ బండికి కచ్చితంగా అమరుతాయి. కానీ కొనేముందు, అలాంటి సీటు ఉన్నవారి బండి మీద కనీసం అరగంట నడిపి చూడండి. రెండు నిమిషాలు కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. అది కుదరక స్థానికంగానే చేయించుకోవాలనుకుంటే, మీ అసలు సీటును కోయనివ్వకండి. పాత సీటు ఒకటి విడిగా సంపాదించి దాని మీద పని చేయించుకుంటే, నచ్చకపోయినా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్‌సెప్టర్ 650 మీద మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు తరచుగా వెళ్తుంటాను. జెల్ సీటు, మెమరీ ఫోమ్, గాలి దిండు, వీటిలో ఏది కొనాలి? ఎంతో ఖరీదైన విదేశీ సీట్లు కూడా గట్టిగా ఉంటాయని విన్నాను, ఎందుకు?
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ ప్రాంతపు ఎండను దృష్టిలో పెట్టుకుని చెబుతాను, ఎందుకంటే ఈ మూడింటి మంచిచెడ్డలూ వేడితో ముడిపడి ఉన్నాయి.

మెమరీ ఫోమ్ శరీరపు వేడికి మెత్తబడి ఒంటి ఆకారం తీసుకునేలా తయారైన పదార్థం. చల్లటి ప్రదేశాల్లో అది గట్టిపడుతుంది, మే నెలలో జడ్చర్ల దగ్గర మధ్యాహ్నం బండి ఆపితే ఎండకు మరీ మెత్తబడిపోతుంది. గట్టి ఫోమ్ మీద పలుచటి పై పొరగా వాడితే పనికొస్తుంది కానీ, మొత్తం సీటునంతా దానితోనే నింపడం మన వాతావరణానికి సరిపడదు.

జెల్ బరువును చుట్టూ పంచుతుంది, చిన్న కంపనాలను కొంత మింగుతుంది. అయితే అది ఫోమ్ కంటే చాలా ఎక్కువ వేడిని తనలో దాచుకుంటుంది. నల్ల రెక్జిన్ కింద జెల్ ఉన్న సీటును ఎండలో వదిలి భోజనానికి వెళ్తే, తిరిగి వచ్చి ఎక్కాక చాలాసేపటి వరకూ చల్లారదు. జెల్ తీసుకుంటే లేత రంగు కవరు, దాని మీద గాలి ఆడే వల లాంటి మెష్ తొడుగు కూడా తీసుకోండి. బండి ఆపినప్పుడల్లా సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పడం కూడా అలవాటు చేసుకోండి.

గాలి దిండులో ఒకదానితో ఒకటి కలిసిన గాలి గదులు ఉంటాయి. ఒకచోట ఒత్తిడి పెరిగితే గాలి పక్క గదుల్లోకి జరిగి బరువు సమంగా పడుతుంది. చక్రాల కుర్చీల్లో ఎక్కువసేపు కూర్చునేవారికి పుండ్లు పడకుండా వాడే దిండ్లు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. చాలామంది దానిని బిర్రుగా నింపి, బాగాలేదని మూలన పడేస్తారు. సరైన పద్ధతి ఏమిటంటే, కొంచెం నింపి, మీద కూర్చుని, ఎముకలు సీటును తాకీ తాకనట్టు తేలే వరకు గాలి వదలాలి. ఎండ ముదిరితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి మధ్యలో ఒకసారి మళ్లీ సరిచూసుకోవాలి. ఘాటు మలుపుల్లో ఒళ్లు బండి మీద స్థిరంగా లేనట్టు అనిపించడం దీని లోపం. కర్నూలు, అనంతపురం మీదుగా సాగే 44వ జాతీయ రహదారి చాలావరకు తిన్నగానే ఉంటుంది కనుక మీకు అది పెద్ద ఇబ్బంది కాదు. తీసి పెట్టుకునే వస్తువు కావడం వల్ల ఊళ్లో తిరిగేటప్పుడు దాని అవసరమూ ఉండదు. మీ అవసరానికి ఇదే మొదట ప్రయత్నించదగినది.

విదేశీ సీట్ల విషయానికి వస్తే, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం హోలిస్టర్‌లోని కార్బిన్ సంస్థ వంటివారు గట్టి ఫోమ్‌ను ఒంటి వంపుకు తగినట్టు లోతుగా మలుస్తారు. ఆ దేశంలోని ఐరన్ బట్ అసోసియేషన్ అనే దూర ప్రయాణికుల సంఘం గుర్తింపు కోసం 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే దాదాపు 1,600 కిలోమీటర్లు నడిపేవారుంటారు. అంతసేపు కూర్చునేవారికి మెత్తదనం కంటే పిర్రలకు, తొడలకు విశాలమైన ఆధారం దొరకడం ముఖ్యం. తోలు కవరున్న సీట్లు కొంతకాలం వాడాక గానీ ఒంటికి ఒదగవు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. హిమాలయన్ 450 కొన్నాను. పాదాలు పూర్తిగా నేలకు ఆనడం లేదు. సీటు స్పాంజి కోయించమని అందరూ అంటున్నారు. కోయిస్తే దూర ప్రయాణంలో ఇబ్బంది పడతానేమోనని భయంగా ఉంది.
ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: మీ భయం సమంజసమైనదేనమ్మా. ఆ బండి సీటును 825, 845 మిల్లీమీటర్ల ఎత్తుల్లో రెండు రకాలుగా అమర్చుకోవచ్చు. ముందుగా మీ సీటు కింది స్థానంలోనే ఉందో లేదో చూడండి. కంపెనీయే 805 మిల్లీమీటర్ల ఎత్తులో తక్కువ సీటును విడిగా అమ్ముతుంది, దానిని పెట్టి చూడండి.

స్పాంజి కోయించాల్సి వస్తే, కూర్చునే చోట కోయించకండి. కాలు నేలకు చేరే దారిలో అడ్డుపడేది సీటు ఎత్తు ఒక్కటే కాదు, ముందు భాగపు వెడల్పు కూడా. తొడ ఆ వెడల్పును చుట్టి దిగాల్సి వస్తుంది. ముందు అంచులను రెండు వైపులా ఏటవాలుగా చెక్కిస్తే, ఎముకల కింద మందం తగ్గకుండానే పాదం మరికొంత కిందికి అందుతుంది. దానికి తోడు మందపాటి అడుగున్న బూట్లు వేసుకుంటే ఇంకాస్త కలిసివస్తుంది. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న పట్టుదల అక్కర్లేదు. ఆపేటప్పుడు ఎడమ పాదం గట్టిగా ఆని, కుడి పాదం బ్రేకు మీద ఉంటే చాలు. సీటు మరీ తగ్గిస్తే మోకాళ్లు ఎక్కువగా ముడుచుకుని, వనపర్తి నుంచి హైదరాబాదు చేరేసరికి మోకాళ్ల నొప్పి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో ఆమెతో కలిసి దేవరకొండ నుంచి డిండి మీదుగా శ్రీశైలం వెళ్తుంటాం. వెనుక కూర్చున్న ఆమెకే నొప్పి ఎక్కువ. వీపుకు ఆనుడు పెట్టిస్తే సరిపోతుందా?
ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వెనుక కూర్చున్నవారికి పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు, గుంత వస్తున్నట్టు ముందుగా కనిపించదు, సీటు కూడా సన్నగా ఉంటుంది. అందుకే వారి సౌకర్యం గురించి మీరు అడగడం నాకు చాలా సంతోషం కలిగించింది. దోమలపెంట దాటాక వచ్చే ఘాటు మలుపుల్లో ఆమె మీ మీదకు జారుతూ ఉంటారు. ఆ బరువంతా మిమ్మల్ని ట్యాంకు వైపు నెడుతుంది. వెనుక సీటు ముందుకు వాలకుండా సమతలంగా ఉండేలా చేయించడం ఆనుడు కంటే ముందు చేయాల్సిన పని. ఆనుడు పెట్టించేటట్లయితే దానిని సీటు పలకకు కాక, బండి చట్రానికి బిగించిన గట్టి క్యారియర్‌కే అమర్చాలి.

కొత్త సీటు కోసం వెనుకవారి పట్టుకడ్డీని తీసేయనివ్వకండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనుక కూర్చునేవారికి పట్టు, పాదాలకు ఆధారం, దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా కాపు తప్పనిసరి. చీరతో ఒక పక్కకు కూర్చుంటే నడుము మెలిపడి, ఏ సీటు వేసినా నొప్పి తప్పదు, పైగా ప్రమాదం. ఇంత దూరానికి ఆమెను సల్వార్ వంటి దుస్తుల్లో రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమనండి. అభయారణ్యం గుండా వెళ్లే దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు కాబట్టి, ఆ తొందరలో విరామాలు మానేయకుండా ముందే బయలుదేరండి.

ప్రశ్న: కొత్తగా కుట్టించిన సీటు వాన పడితే రెండు రోజులు తడిగానే ఉంటోంది. ఏం చేయాలి?
ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: నీళ్లు కుట్టు రంధ్రాల్లోంచి దిగుతున్నాయి. కూర్చునే చోట కుట్టు ఉంటే ఎంత మంచి రెక్జిన్ వేసినా ఇదే పరిస్థితి. కుట్లన్నీ పక్క అంచులకు జరిపించి, కవరుకూ ఫోమ్‌కూ మధ్య పలుచటి వాటర్‌ప్రూఫ్ గుడ్డ వేయించండి. అడుగు పలకలోని రంధ్రాలు మూసేయకండి, చేరిన నీరు పోవడానికి అవే దారి. ఇప్పటికే తడిసిన సీటును తీసి, నీడలో గాలి తగిలేచోట నిలబెట్టి పూర్తిగా ఆరాకే బిగించండి. అడుగున కొట్టిన స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే, అదే సమయంలో తుప్పు పట్టని స్టీలువి వేయించుకోండి.