పెరటి తోటకు నీళ్ళు ఆదా చేయాలంటే డ్రిప్ పెట్టించడమే మార్గమా?

విశాఖలో పెందుర్తి వైపు మీ ఇంటి వెనుక సెంటున్నర పెరడు ఉందనీ, ఏప్రిల్ దాటితే బోరు అరగంటకు మించి నీళ్ళు ఇవ్వడం లేదనీ, డ్రిప్ కిట్టు కొంటే కష్టం తీరుతుందా అనీ అడిగారు. ఇప్పుడే కొనవద్దన్నది నా సమాధానం. ఈ సాయంత్రం ఎప్పటిలాగే మొక్కలకు నీళ్ళు పట్టి, రేపు ఉదయం గునపం తీసుకుని అదే చోట జానెడు లోతు తవ్వి చూడండి. అక్కడ మీకు కనిపించేదాన్ని బట్టి ఏం కొనాలో, అసలు కొనాలో లేదో తేలుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. మాది గోపాలపట్నం. ఉద్యోగ విరమణ చేసిన తరువాత వచ్చిన మొదటి వేసవిలో పెరట్లో వంగ, బెండ, ఒక బీర పాదు, రెండు మల్లె పొదలు, గోడవారన కనకాంబరాలు వేసుకున్నాను. ప్రతి సాయంత్రం ఐదున్నరకు గొట్టం పట్టుకుని నలభై నిమిషాల పాటు, నేలంతా ముదురు రంగుకు తిరిగేదాకా తడిపేవాణ్ణి. అయినా మరునాడు పదకొండు గంటలకల్లా వంగ ఆకులు వాలిపోయేవి. నీళ్ళు చాలడం లేదనుకుని గంటసేపు పట్టడం మొదలుపెట్టాను. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది.

మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. విజయనగరం దగ్గర పల్లెలో జీవితమంతా కూరగాయలు పండించి, వయసు మీదపడిన తరువాత కొడుకు దగ్గరకు వచ్చిన మనిషి. నేను గొట్టం పట్టుకుని దిగులుగా నిలబడి ఉండగా ఆమె లోపలికి వచ్చి, మొక్కలన్నీ ఒకసారి కలియజూసి, "ఏటి బాబూ, మొక్కకి తానం సేయిస్తన్నావేటి? ఏరు తాగిందో నేదో తవ్వి సూడు" అంది. నేను కదలకపోయేసరికి తానే ఒక వంగ మొక్క పక్కన కూర్చుని చిన్న గునపంతో తవ్వింది. ముందురోజు గంటసేపు నీళ్ళు పట్టిన నేలలో రెండు వేళ్ళ మందం మాత్రమే తడి ఉంది. దాని కింద మట్టి పిడికిట పడితే బూడిదలా జారిపోయింది. వంగ వేళ్ళు ఆ పలుచని తడి పొరలోనే అడ్డంగా పాకి ఉన్నాయి తప్ప ఒక్కటీ లోపలికి దిగలేదు.

రోజూ పైపైన తడిపితే వేళ్ళు పైపైనే ఉండిపోతాయని, ఆ పొర మధ్యాహ్నపు ఎండకు అన్నిటికంటే ముందు ఆరిపోతుందని నాకు ఆ రోజు అర్థమైంది. పైగా మనవైపు ఎర్రనేలలను గొట్టంతో కొట్టినకొద్దీ పైన పెచ్చు కడుతుంది. నీళ్ళు ఆ పెచ్చు మీదుగా జారి, మా ఇంటి గేటు పక్క కాలువలోకి పోయేవి. మరునాడు పదిహేను లీటర్ల బకెట్టు పెట్టి చూస్తే సరిగ్గా ఒక నిమిషంలో నిండింది. నలభై నిమిషాలంటే 600 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణం చొప్పున చూస్తే, నలుగురున్న కుటుంబానికి కావలసిన 540 లీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు నేను ప్రతిరోజూ కాలువకూ ఎండకూ అప్పగించాను. ఆ లెక్క వేసుకున్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ వారమే గొట్టం చుట్టేసి, 200 లీటర్ల డ్రమ్మును నాలుగు ఇటుకల ఎత్తున నిలబెట్టి, దాని కుళాయికి సన్నని పైపు తగిలించాను. డ్రమ్ముతో మొదటి లాభం ఏమిటంటే, ఎన్ని నీళ్ళు వాడుతున్నామో కళ్ళకు కనిపిస్తుంది. ప్రతి మొక్క చుట్టూ గొప్పు తవ్వి, ఆకుల నీడ అంచు దాకా పళ్ళెంలా పాదు చేసి, మాగిన పేడ ఎరువు కలిపాను. దాని మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు నాలుగు అంగుళాల మందాన పరిచాను. ప్రకృతి సేద్యం చేసేవాళ్ళు ఆచ్ఛాదన అనేది దీన్నే. కాండానికి ఆనుకుని మాత్రం పరచకూడదు, మొదలు కుళ్ళుతుంది. తరువాత పైపును ఒక్కొక్క పాదులో వదిలి, నీరు నిదానంగా ఇంకేలా చేసి, రోజు విడిచి రోజు ఒక డ్రమ్ము మాత్రమే వాడాను. అంటే రోజుకు 100 లీటర్లు.

మొదటి పది రోజులు మొక్కలు అలిగినట్టే ఉంటాయి, మీరు భయపడి మళ్ళీ గొట్టం తీయకండి. మధ్యాహ్నం ఆకు వాలడం చూసి నీళ్ళు పోయవద్దు. నేలలో తడి ఉన్నా, ఎండ ముదిరినప్పుడు వంగ, బీర వంటి వెడల్పాటి ఆకులు వాలుతాయి, సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారి కూడా వాలి ఉంటేనే దానికి దాహమైనట్టు. మూడో వారంలో తవ్వి చూస్తే తడి జానెడు దాకా దిగి ఉంది.

బీర పాదుకు పెద్దమ్మ మరో ఉపాయం చెప్పింది. రంగు వేయని పది లీటర్ల మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టి, చుట్టూ నాలుగు గింజలు వేయించింది. మట్టి ఆరినప్పుడు కుండ గోడల్లోంచి నీటిని లాక్కుంటుంది, తడిగా ఉన్నప్పుడు లాక్కోదు. మాకు మూడు నాలుగు రోజులకొకసారి నింపితే సరిపోయేది. పల్లెటూరి చిట్కా అని తీసిపారేయకండి. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర నేల లవణీయత పరిశోధన సంస్థలో 1970లలోనే ఈ కుండ పద్ధతి మీద ప్రయోగాలు చేశారు. రెండు మూడేళ్ళకు రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కుండ మార్చుకోవాలి.

డ్రిప్ చెడ్డదని నేను అనడం లేదు. మేడమీద వరుసగా పెట్టిన కుండీలకు గంటకు రెండు లేదా నాలుగు లీటర్ల డ్రిప్పర్లు చక్కగా పనిచేస్తాయి. కాని మన బోరు నీళ్ళలోని సున్నం ఆ సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. వడపోత లేకుండా కిట్టు అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. నేను ఒకటి కొని, ఒక్క వేసవిలోనే మూలన పడేశాను.

నాకు మరింత బాధ కలిగించేది ఇంటి చుట్టూ సిమెంటు చేయించే అలవాటు. ఒకవైపు బోరు ఎండిందంటూ, మరోవైపు చినుకు ఇంకే జాగా లేకుండా చేసుకుంటున్నాం. విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద అది దాదాపు లక్ష లీటర్లు. మన కొండల వాలుకు ఆ నీరు గంటల్లో గెడ్డల్లో, అంటే వాగుల్లో పడి సముద్రానికి చేరిపోతుంది. మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాలు చాలక ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నీళ్ళు తెచ్చుకుంటున్న ఊరిలో, తెల్లవారితే మేడల మీద ట్యాంకులు పొర్లుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. డాబా నీళ్ళను గులకరాళ్ళు నింపిన ఇంకుడు గుంతలోకి తొలకరికి ముందే మళ్ళించండి. మీ బోరుకు నాకు తెలిసిన మందు అదొక్కటే.

ఇంట్లో మిగిలే నీళ్ళలో ఏసీ నుంచి కారేవి మొక్కలకు మంచివి. మన ఉక్కపోతకు రాత్రంతా ఏసీ నడిస్తే మా ఇంట్లో అర బకెట్టు వస్తుంది. అందులో లవణాలు ఉండవు కాబట్టి నేను వాటిని కనకాంబరాలకు పోస్తాను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు పోయవచ్చు. ఆర్వో యంత్రం వదిలేసే నీటిలో ఉప్పు చేరి ఉంటుంది, దాన్ని కూరమొక్కలకు రోజూ పోయకుండా నేల కడగడానికి వాడుకోండి. సబ్బు పొడి నీళ్ళను పెరట్లోకి రానీయకండి.

రేపు ఉదయం తవ్విన తరువాత తడి ఎన్ని వేళ్ళ లోతున ఆగిందో, కింది మట్టి ఇసుకలా జారుతోందో ముద్ద కడుతోందో ఇక్కడే రాయండి. ఇసుకలా జారితే ముందుగా రెండు బస్తాల మాగిన ఎరువు తెప్పించుకోండి, పాదుల కొలతలు తరువాత చెబుతాను.