పేరు మార్చాం కదా, ఇంకా కేసేమిటి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఓ ఊరు. నలుగురు స్నేహితులం కలిసి ఓ కామెడీ సినిమా తీశాం. టీవీ సీరియల్ తెరవెనక గొడవలే కథ. ఏళ్ల తరబడి అత్త పాత్రలో వెలిగిపోతున్న నటిని సాగనంపాలని రెండో కథానాయిక నిర్మాతతో చేతులు కలుపుతుంది. ఎప్పుడో చనిపోయిన పాత్రను మళ్లీ బతికించి తెస్తారు. 1991లో వచ్చిన అమెరికన్ కామెడీ 'సోప్‌డిష్' చూశాక ఈ ఆలోచన పుట్టింది. మిగతావి హైదరాబాద్‌లో సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసిన మా స్నేహితుడు చెప్పినవి. ట్రైలర్ యూట్యూబ్‌లో పెట్టిన పది రోజులకి మన ప్రాంతానికే చెందిన ఓ సీరియల్ నటి లాయర్ నోటీసు పంపారు. అది తన కథేనట. ఏడు రోజుల్లో సినిమా ఆపకపోతే కోటి రూపాయలకు దావా, క్రిమినల్ కేసు వేస్తారట. మేం పేర్లన్నీ మార్చాం, 'పాత్రలన్నీ కల్పితం' అని కూడా వేశాం. అయినా కేసు అవుతుందా? సినిమా ఆగిపోతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన నోటీసు చదివాను, ట్రైలర్ మూడుసార్లు చూశాను. ఏడు రోజులు దాటగానే ఎవరో వచ్చి సినిమా ఆపేస్తారన్న భయం వద్దు. నోటీసు ఆవిడ తరఫు లాయరు రాసిన ఉత్తరం. ఆపమని చెప్పగలిగేది కోర్టు ఒక్కటే. కోటి రూపాయల అంకె చూసి కూడా బెదరకండి. దావా వేసేటప్పుడు అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి కాబట్టి, నోటీసులో రాసిన అంకె దావాలోకి వచ్చేసరికి చాలాసార్లు తగ్గుతుంది. అలాగని జవాబు ఇవ్వకుండా ఊరుకోకండి. గడువులోగా లాయరు ద్వారా జవాబు వెళ్లాలి. ఈలోగా మీరు గానీ మీ స్నేహితులు గానీ ఆవిడకు ఫోన్ చేయొద్దు, ఫేస్‌బుక్‌లో ఒక్క ముక్క రాయొద్దు. కోపంలో పెట్టిన ఒక్క పోస్టు చాలు, మీరు కావాలనే ఆవిడను ఉద్దేశించారని చెప్పడానికి.

ఇక పేరు మార్చడం సంగతి. ఈ జిల్లాల్లో నాటకాలు రాసేవాళ్లు, షార్ట్ ఫిలిమ్స్ తీసేవాళ్లు నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఇదే మాట అంటారు: పేరు మార్చాం కదండీ, అని. చట్టం పేరు చూడదు. ఆ మనిషి తెలిసినవాళ్లు తెర మీద చూసి 'ఇది ఫలానా ఆవిడే' అని గుర్తుపడతారా లేదా అనేదే చూస్తుంది. 'ఇందులోని పాత్రలన్నీ కల్పితం' అనే వాక్యం సినిమాల్లోకి రావడం వెనక కూడా ఇలాంటి కేసే ఉంది. రష్యా చక్రవర్తి కొలువులో పలుకుబడి సంపాదించిన సాధువు రస్పుటిన్ మీద హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం 1932లో తీసిన సినిమాలో ఓ యువరాణి పాత్ర ఉంది. పేరు నటాషా అని పెట్టారు. నిజ జీవితంలోని యువరాణి ఇరీనా, అది తానేనని జనం అనుకుంటున్నారంటూ లండన్‌లో దావా వేసి 1934లో గెలిచింది. 25,000 పౌండ్ల పరిహారం వచ్చింది. ఆ తర్వాతే సినిమా కంపెనీలు ఆ వాక్యం వేయడం మొదలుపెట్టాయి. కానీ ఆ వాక్యం తాయెత్తు లాంటిది కాదు. మీ ఉద్దేశం మంచిదని చెప్పుకోవడానికి కొంత పనికొస్తుందంతే.

మీ ట్రైలర్‌నే తీసుకుందాం. లంక ఊరి నుంచి పంటు ఎక్కి గోదారి దాటి వచ్చి నటి అయిన అమ్మాయి, గంజి పెట్టిన తెల్లచీర, మాటకు ముందు ఓ ఊతపదం. ఈ మూడూ ఆవిడ టీవీ ఇంటర్వ్యూల్లో తన గురించి తాను చెప్పుకున్నవేనని నోటీసులో తేదీలతో సహా రాశారు. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. గోదారి దాటి వచ్చిన నటీమణులు ఎందరో ఉంటారు. మూడూ ఒకే పాత్రలో కలిసేసరికి వేలు పెట్టి చూపించినట్టే అయింది. నాకు పరిచయం లేని మనిషి. అయినా ట్రైలర్ చూడగానే ఎవరో నాకు తెలిసిపోయింది. జడ్జిగారికి మాత్రం తెలియదా?

గుర్తుపట్టినంత మాత్రాన పరువునష్టం కాదు. ఆ పాత్ర చేత ఏం చేయించారన్నదే తర్వాతి ప్రశ్న. ఆవిడ నటనను ఎగతాళి చేయొచ్చు. గ్లిజరిన్ సీసా లేకపోతే ఏడుపు రాదని చూపించొచ్చు, ఒక్క డైలాగుకి పన్నెండు జూమ్ షాట్లు పడ్డాయని నవ్వించొచ్చు. నటన ప్రజల ముందు పెట్టిన వస్తువు. దాని మీద సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడాన్ని చట్టమే మినహాయించింది. అయితే ట్రైలర్‌లో ఆ పాత్ర కొత్తమ్మాయి టిఫిన్ క్యారియర్‌లో విరేచనాల మందు కలుపుతుంది. హాల్లో నవ్వు వస్తుంది, కాదనను. కానీ గుర్తుపట్టగలిగిన మనిషి మీద అది నేరం మోపడం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్ల స్థానంలో వచ్చింది. వ్యంగ్యంగా అన్నా పరువునష్టం కావచ్చని అందులో వివరణ ఉంది. కాబట్టి 'కామెడీ కోసం పెట్టాం' అన్న జవాబు ఒక్కటే సరిపోదు. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. బెయిలు హక్కుగా వచ్చే నేరం, పోలీసులు నేరుగా అరెస్టు చేసేది కాదు. ఆవిడ మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. కొత్త పద్ధతి ప్రకారం ఆ ఫిర్యాదును విచారణకు తీసుకోవడానికి ముందే మీ మాట వినాలి. సివిల్ దావాకైతే ప్రచురించిన రోజు నుంచి ఏడాదే గడువు.

మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎవరిని వదిలిపెట్టారు? కరణాన్ని, షావుకారుని, కొత్తకోడలిని, అందరినీ ఆడిపోసుకున్నారు. ఊళ్లో ఒక్కరూ అది నా బొమ్మే అని దావాకు పోలేదు. బొమ్మ కరణానిది, ఫలానా కరణానిది కాదు. సీరియల్ లోకంలో అలాంటి సరుకు ఎంత ఉందండీ! టీఆర్పీ పడిపోగానే కథలో పదేళ్ల లీపు, రాత్రికి రాత్రి మారిన నటి, డైలాగు పేపరు షాట్ ముందు చేతికి రావడం, క్యారవాన్ ఎవరికన్న పేచీ. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లూ తమను తాము చూసుకుంటారు గానీ ఎవరికీ గాయం కాదు. మీ సినిమాలో బాగా పండిన సీన్లు కూడా అవే. ఒక్క మనిషిని గుర్తు చేసే మూడు ఆనవాళ్లు తీసేస్తే మీ కథకు పోయేదేమీ లేదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించింది మీరు పంపిన స్క్రిప్టులోని దాచిన కూతురి ట్రాక్. 'సోప్‌డిష్'లో శాలీ ఫీల్డ్ వేసిన సీనియర్ నటికి మేనకోడలని చెప్పుకునే అమ్మాయి, నిజానికి కూతురు. మీరు అక్కడి నుంచే తీసుకున్నామని చెబుతున్నారు, నమ్ముతాను. కానీ ఈ నటి మీద అలాంటి వదంతి ఎప్పటి నుంచో ఉందని మీ స్నేహితుడే మీకు చెప్పాడట. ఆ ముక్క మీ ఉత్తరంలో చివర రాశారు. నాకైతే అదే ముందు కనిపించింది. ఆటో శంకర్ కేసుగా పేరుపడిన 1994 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఒక మనిషి కుటుంబం, వివాహం, మాతృత్వం, సంతానం గురించి వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదు, అది నిజమైనా కాకపోయినా సరే. పరువునష్టం దావాలో 'నిజమే చెప్పాం' అనడం గట్టి రక్షణ. గోప్యత విషయంలో ఆ రక్షణ లేదు. ఇక్కడ చట్టం పక్కన పెట్టి ఒక మాట అంటాను. ఆ వదంతి నిజమైతే ఎక్కడో ఓ అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి నటి కాదు, మీకు ఏ అపకారమూ చేయలేదు. ఆ ట్రాక్ తీసేయండి. మళ్లీ షూట్ చేయాల్సి వచ్చినా, అప్పు చేయాల్సి వచ్చినా తీసేయండి.

అది తీసేస్తే 'సోప్‌డిష్' వాళ్లతో వచ్చే చిక్కు కూడా సగం తగ్గుతుంది. ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సీరియల్ సెట్టు మీద తారల పోటీ అన్నది ఎవరి సొత్తూ కాదు. ఆ కథను నడిపించిన తీరు, సీన్ల వరుస, మలుపులు, మాటలు వాళ్లవి. చనిపోయిన పాత్ర తిరిగి రావడం మన సీరియల్స్‌లోనూ మామూలే. అయితే ఆ సినిమాలో లాగా తల తెగి చనిపోయిన పాత్రనే తెచ్చి, ఆ నటుణ్ని వెతికే సీన్లు కూడా అలాగే పెడితే కాపీ అంటారు. మీ స్క్రిప్టులో ఆ భాగం చాలా దగ్గరగా ఉంది, తిరగరాయండి.

ట్రైలర్ మొదట్లో వినిపించే టైటిల్ సాంగ్ బాణీ ఓ నడుస్తున్న సీరియల్‌దే. ముప్పై సెకన్ల లోపు వాడుకుంటే పర్వాలేదని మీకెవరో చెప్పారట. అలాంటి లెక్క కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంది గానీ పేరడీ అనే మాట అందులో లేదు. దాన్ని నమ్ముకుని కోర్టుకెక్కేకంటే మీ ఊరి సంగీతం మాస్టారి చేత కొత్త బాణీ కట్టించుకోవడం చవక.

మీ స్నేహితుడు సీరియల్ సంస్థతో సంతకం పెట్టిన ఒప్పందం ఏదైనా ఉంటే నాకు పంపమనండి. పనిలో తెలిసిన సంగతులు బయటపెట్టనని అందులో ఉంటే ఆయన మీద విడిగా కేసు పడొచ్చు.

ఇక సినిమా ఆగుతుందా అని అడిగారు. పరువునష్టం కేసుల్లో విచారణ కాకముందే నోరు నొక్కడానికి కోర్టులు సులభంగా ఒప్పుకోవు. టాటా భాగస్వామిగా కట్టిన ఒడిశా ధామ్రా ఓడరేవు వల్ల తాబేళ్లకు ముప్పు ఉందంటూ పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఓ వీడియో గేమ్ తయారుచేసి టాటా లోగోను ఎగతాళి చేసింది. మన గోదారి తీరానికీ గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లే అవి. టాటా సంస్థ అడిగిన మధ్యంతర నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు 2011లో ఇవ్వలేదు. 2024 మార్చిలో, వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ మీద జీ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి ఉత్తర్వులు ఆషామాషీగా ఇవ్వొద్దని కింది కోర్టులను హెచ్చరించింది. అందుకే అన్నాను, ఆ కూతురి ట్రాక్ తీస్తే మీ పక్షం చాలా బలపడుతుంది. గోప్యత పేరుతో అడిగినప్పుడు స్టే ఇవ్వడానికి కోర్టు అంతగా వెనకాడకపోవచ్చు. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చినా ఆవిడ దావా హక్కు పోదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వారంలోనే మీరు చేయాల్సింది కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందుగానే పెట్టుకునే విన్నపం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద ఇక్కడి కోర్టులోనూ, ఆవిడ ఉంటున్న హైదరాబాద్‌లోనూ వేస్తే, మీకు చెప్పకుండా స్టే ఇవ్వరు. తొంభై రోజులు పనిచేస్తుంది. విడుదల ఆ లోపు కాకపోతే మళ్లీ వేయాలి. ట్రైలర్‌ని యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా మార్చండి, పూర్తిగా చెరిపేయకండి. రేపు కోర్టులో పాతది ఎలా ఉందో, ఏం మార్చారో చూపించాల్సి వస్తుంది. మార్పులు చేశాక, ఆవిడ లాయరు ద్వారా ఆవిడకు సినిమా వేసి చూపిస్తామని జవాబులోనే రాద్దాం. పరువునష్టం రాజీ పడదగ్గ కేసు. నలభై ఏళ్ల వయసులో రోజుకు పన్నెండు గంటలు లైట్ల కింద నిలబడే మనిషి ఆవిడ. తనను చూసి నవ్వుతున్నారన్న బాధే ఆ నోటీసులో నాకు ఎక్కువ కనిపించింది.

నోటీసు వచ్చిన కవరు దాచి ఉంచండి. దాని మీది పోస్టాఫీసు ముద్ర తేదీ నాకు కావాలి, వచ్చేటప్పుడు తీసుకురండి.