సగం హ్యాండోవర్ ఇచ్చి, తప్పంతా మీదే అంటున్నారా?

ప్రశ్న: నర్సుగా ఐసీయూలో చేరి రెండేళ్లయింది. షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లో ఒక సీనియర్ సిస్టర్ నాకు సగం విషయాలే చెబుతారు, తర్వాత ఏదైనా తేడా వస్తే పేషెంట్ బంధువుల ముందే అరుస్తారు. నైట్ డ్యూటీలన్నీ నాకే. ఈ మధ్య పేషెంట్ నొప్పితో మూలిగినా నాకేమీ అనిపించడం లేదు. నేను ఈ పనికి తగనేమో. ఇంట్లో సర్దుకుపొమ్మంటున్నారు.

జవాబు: ‘నాకేమీ అనిపించడం లేదు’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మీ మనసు రాయి అయిపోయిందని మీరు భయపడుతున్నారు. కాదమ్మా, అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, సరిగా చేయలేకపోతున్నానన్న భావన. మీ ఉత్తరంలో వీటి జాడలు కనిపిస్తున్నాయి. ఆ సంస్థ దీన్ని జబ్బుగా లెక్కించలేదు, పనిచేసే చోట ఎంతకాలమైనా తగ్గని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. కాబట్టి లోపం మీలో వెతకడం ఆపండి.

మేమూ ఇలాగే తిట్లు తిని నేర్చుకున్నాం అనే సీనియర్లు ఎప్పుడూ ఉంటారు. కొత్తవాళ్లను మనమే నమిలేస్తున్నామా అని నర్సులే 1986లో తమ పత్రికలో ప్రశ్నించుకున్నారు, అంత పాత గాయం ఇది.

ఇక హ్యాండోవర్ సంగతి. మందు డోసు మార్చిన విషయం మీకు చెప్పకపోతే అవమానం మీకు, ప్రమాదం మాత్రం మంచం మీద ఉన్న మనిషికి. ఫిర్యాదు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. ‘ఆవిడ నన్ను తిడుతున్నారు’ అంటే ఇద్దరి మధ్య గొడవ కింద తీసిపారేస్తారు. ఫలానా తేదీ, ఫలానా షిఫ్ట్, ఈ విషయం చెప్పలేదు, దానివల్ల ఈ మందు ఇంత ఆలస్యమైంది అని రాసిస్తే నర్సింగ్ సూపరింటెండెంట్ పక్కన పెట్టడం కష్టం. నైట్ డ్యూటీల లెక్క కూడా రోస్టర్ కాపీతో జతచేయండి. ఇకమీదట హ్యాండోవర్ పేషెంట్ మంచం దగ్గరే, కేస్ షీట్ చేతిలో పెట్టుకుని తీసుకోండి, ఏం మారింది, ఏ రిపోర్టు రావాలి అని మీరే ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి.

అరిచినప్పుడు ఏం అనాలో ముందే అనుకుని ఉండండి. ‘పేషెంట్ దగ్గర వద్దు సిస్టర్, పక్కకెళ్లి మాట్లాడుకుందాం’, అంతే, గొంతు పెంచకుండా. ఒకటికి పదిసార్లు ఇంట్లో పైకి అని చూసుకోండి, లేకపోతే ఆ క్షణంలో నోరు పెగలదు.

నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే డాక్టర్‌ను కలవండి, ఫిర్యాదు సంగతి తర్వాత. ఇంట్లోవాళ్లకు ‘కష్టంగా ఉంది’ అని ఊరుకోకుండా, ఒక్క షిఫ్ట్‌లో జరిగింది జరిగినట్టు చెప్పండి. సర్దుకుపొమ్మన్నవాళ్లకు అసలు విషయం తెలిసి ఉండదు. రాసిచ్చినా ఎవరూ కదలకపోతే వార్డు మార్చమని అడగండి, అదీ కాకపోతే ఉద్యోగం మారడంలో తప్పేమీ లేదు. రాజీనామా మాత్రం నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున్నే రాయకండి.